చమురు ధరలో రాయితీ యెంత? సుంకమెంత?

చమురు ధర పెరిగినప్పుడెల్ల మన దేశమున రెండు మాటలు వినవచ్చును. ఒకటి రాయితీ, రెండవది సుంకము. ప్రభుత్వపక్షమువారు మొదటి మాటను, ప్రతిపక్షమువారు రెండవ మాటను పట్టుకొందురు. పక్షములు తారుమారైనచో మాటలును తారుమారగును. భాష చెప్పుకొని బ్రతుకువారికి ఈ పదముల పుట్టుకలోనే కొంత వినోదము కనబడును. ‘రాయితీ’ ఉర్దూ నుండి మనకు వచ్చినది. దయచూపుట, అనుగ్రహించుట అను భావము దానియందు ఇమిడియున్నది. ‘సుంకము’ సంస్కృత శుల్కమునకు తద్భవము. సుంకరి యెదుట సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అను సామెత మన పల్లెలలో నేటికిని వినబడుచున్నది. ఇచ్చువాడు దయామయుడు, పుచ్చుకొనువాడు కఠినుడు అని భాషయే తీర్మానించినట్లున్నది. చమురు విషయమున మాత్రము ఇచ్చు చేయియు పుచ్చుకొను చేయియు ఒక్కటే. ఇచ్చినది చాటి చెప్పబడును. పుచ్చుకొన్నది ధరలో దాగియుండును. ఈ చర్చలోని చిక్కంతయు అచ్చటనే కలదు.

కొంత వెనుకకు పోవలెను. చాలకాలము పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, వంటగ్యాసు ధరలను ప్రభుత్వమే నిర్ణయించుచుండెను. 2002 ఏప్రిల్ 1న ఈ పద్ధతి కాగితముపైన రద్దయ్యెను గాని, ఆచరణలో ప్రభుత్వము అనుమతింపనిదే కంపెనీలు ధర పెంచలేకపోయినవి. 2008 జూలైలో ముడిచమురు పీపా ధర 147 డాలర్ల వరకు ఎగబ్రాకెను. మన బంకులలో ధర దానితో సమముగా ఎగబ్రాకలేదు. ఆ వ్యత్యాసమును కంపెనీలకు పూడ్చుటకు రొక్కము చాలక, 2005 నుండి 2010 వరకు కేంద్రప్రభుత్వము చమురు బాండ్లను జారీచేసెను. బాండనగా ప్రోనోటు వంటిదే. నాడు చమురు వాడుకొన్నవాని రాయితీకి తరువాతి తరమువారు వడ్డీతో అప్పు తీర్చవలసి వచ్చెను.

ఆ పద్ధతి మంచిదని ఎవరును వాదింపజాలరు. రాయితీలో గొప్పభాగము పేదవానికి చేరనేలేదు. ట్రాక్టరు కొరకును, బస్సు కొరకును చౌకగా ఉంచిన డీజిలును ఖరీదైన కారు గలవాడును అదే ధరకు పోయించుకొనెను. పేదల దీపములకై చౌకడిపోలకు పంపిన నీలిరంగు కిరసనాయిలు దొంగదారిని పోయి లారీల డీజిలులో కలిసెను. కావున 2010 జూన్‌లో పెట్రోలు ధరపైనను, 2014 అక్టోబరులో డీజిలు ధరపైనను నియంత్రణ తొలగించుట సమంజసమే. ప్రపంచ విపణిలో ధర పెరిగిన మనకును పెరుగును, తగ్గిన మనకును తగ్గును అని నాడు ప్రజలకు చెప్పిరి.

ఆ మాటలో మొదటి సగము నిలిచెను. రెండవ సగము నిలువలేదు. 2014 జూన్‌లో 110 డాలర్లకు మించియున్న ముడిచమురు 2016 జనవరి నాటికి 30 డాలర్లకు దిగువకు పడిపోయెను. 2014 నవంబరు మొదలు 2016 జనవరి లోపున కేంద్రప్రభుత్వము ఎక్సైజు సుంకమును తొమ్మిదిసార్లు పెంచెను. 2014 ఏప్రిల్‌లో లీటరు పెట్రోలుపై 9 రూపాయల 48 పైసలుగా ఉన్న ఆ సుంకము 2020 మే నాటికి 32 రూపాయల 98 పైసలయ్యెను. డీజిలుపై 3 రూపాయల 56 పైసలుండినది 31 రూపాయల 83 పైసలయ్యెను. 2020 మే నెలలోని హెచ్చింపు ఒక్కటియే పెట్రోలుపై 10, డీజిలుపై 13 రూపాయలు. అయినను మరునాడు బంకులో ధర మారలేదు, కావున పెద్దగా అలజడియు లేదు. కరోనా కాలమున పడిపోయిన ముడిచమురు ధర పౌరుని చేతికి రాకమునుపే ఖజానాకు చేరినది. ధర పెరిగినచో అందరికిని తెలియును. తగ్గవలసినది తగ్గకపోయినచో ఎవరికి తెలియును?

2021లో ఈ సుంకమును తగ్గింపుమని ప్రజలు అడిగినప్పుడు, పాత బాండ్ల భారమే తగ్గింపునకు అడ్డమని ఆర్థికమంత్రి సమాధానము చెప్పిరి. ఈ సమాధానమును లెక్కకు పెట్టి చూతము. ఆ బాండ్లలో తీరవలసియున్న అసలు సుమారు 1 లక్ష 30 వేల కోట్ల రూపాయలు. అదియైనను ఒక్క యేట తీర్చవలసినది కాదు. 2020–21లో పెట్రోలు, డీజిలులపై ఎక్సైజు సుంకము ద్వారా వచ్చినది, పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారము, 3 లక్షల 35 వేల కోట్లు. ఒక్క సంవత్సరపు రాబడి మొత్తము అసలుకు రెండున్నర రెట్లు. వెనుకటి ప్రభుత్వము చేసిన అప్పు తప్పే. ఆ తప్పును చూపి ఇంత పన్ను వసూలు చేయుటకు లెక్క ఒప్పుకొనదు.

ఇక ఒక్క లీటరు పెట్రోలును విప్పి చూతము. 2021 ఫిబ్రవరి 16న ఢిల్లీలో లీటరు ధర 89 రూపాయల 29 పైసలు. అందులో రవాణాతో కూడ డీలరుకు పడిన ధర 32 రూపాయల 10 పైసలు. కేంద్ర ఎక్సైజు 32.90. డీలరు కమిషను 3.68. రాష్ట్రపు అమ్మకపు పన్ను 20.61. అనగా నూటికి సుమారు అరువది వంతులు పన్నే. ఉపాధ్యాయులు ఎనిమిదవ తరగతిలో శాతములు చెప్పునప్పుడు ఈ లెక్కను నల్లబల్లపై వేయించినచో, పాఠ్యపుస్తకములోని మామిడిపండ్ల బేరముకంటె పిల్లలకు ఎక్కువ రుచించునని నా నమ్మకము.

ఇందు మరియొక మెలిక కలదు. రాష్ట్రము తన పన్నును శాతములలో విధించును. ఆ శాతము ఎక్సైజు కలిసిన ధరపైన పడును. అనగా సుంకముపైన సుంకము. నాడు ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతము, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరియొక రూపాయి. తెలంగాణలో 35.20 శాతము. కేంద్రపు 32 రూపాయల 90 పైసల సుంకముపైననే ఆంధ్ర రాష్ట్రమునకు శాతముచొప్పున 10 రూపాయల 20 పైసలు, తెలంగాణకు 11 రూపాయల 58 పైసలు వచ్చుచుండెను. కేంద్రము పెంచినచో రాష్ట్రము వేలు కదపకుండగనే రాష్ట్రపు పన్నును పెరుగును. బయట కేంద్రమును నిందింపవచ్చును, లోపల రాబడి చూచుకొనవచ్చును.

అయితే రాష్ట్రముల మొరలోను న్యాయమున్నది. ఆ 32.90లో రాష్ట్రములతో పంచుకొనవలసిన మూల ఎక్సైజు 1 రూపాయి 40 పైసలు మాత్రమే. తక్కినదంతయు సెస్సు, ప్రత్యేక అదనపు సుంకము అను పేర్లతో ఉన్నది. రాజ్యాంగము ప్రకారము సెస్సులలోను సర్‌చార్జీలలోను రాష్ట్రములకు వాటా లేదు. 1.40లో 41 శాతమనగా 57 పైసల చిల్లర. దేశములోని రాష్ట్రములన్నియు కలిసి పంచుకొనవలసినది ఆ 57 పైసలే. 2022 ఏప్రిల్ 27న ముఖ్యమంత్రుల సమావేశమున ప్రధానమంత్రి, అమ్మకపు పన్ను తగ్గింపని రాష్ట్రములను పేరుపేరున చెప్పుచు ఆంధ్రప్రదేశ్‌ను, తెలంగాణను కూడ పేర్కొనిరి. ఆయన చెప్పినది అబద్ధము కాదు. ఈ 57 పైసల కథ మాత్రము అంత విరివిగా ప్రచారము కాలేదు.

ధరను విపణి నిర్ణయించుచున్నదను మాట ఎంతవరకు నిజము? 2017 మే 1న ఐదు పట్టణములలో ప్రయోగముగా ధరను ఏరోజుకారోజు మార్చుట ఆరంభించిరి. అందు మన విశాఖపట్టణము ఒకటి. జూన్ 16 నుండి అది దేశమంతటను అమలులోనికి వచ్చెను. నియమము ప్రకారము ధర ప్రతిదినము మారవలెను. కాని 2021 నవంబరు 4 మొదలు 2022 మార్చి 21 వరకు, నాలుగున్నర నెలలు, ముడిచమురు ఎంత పెరిగినను కంపెనీల ధర కదలలేదు. ఈ నడుమనే ఉత్తరప్రదేశ్ మొదలగు ఐదు రాష్ట్రముల శాసనసభ ఎన్నికలు జరిగినవి. ఓట్ల లెక్కింపు ముగిసిన పండ్రెండవ దినమున ధర మరల కదలెను. విపణికి కూడ ఎన్నికల నియమావళి వర్తించునని అర్థశాస్త్ర విద్యార్థులు వ్రాసికొనవచ్చును.

చమురుపై పన్నే వలదని నేననను. మనకు కావలసిన ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది, దుబారా తగ్గవలెను. పొగకు వెలకట్టవలెను, రోడ్లు వేయవలెను, బడులు నడపవలెను. మా జీతములును ఈ పన్నులనుండియే వచ్చుచున్నవి. అయితే ఈ పన్ను కారున్నవానితో ఆగదు. డీజిలు వరికోత యంత్రములోనికి పోవును, కూరగాయల లారీలోనికి పోవును, చదువుకొను పిల్లవాడెక్కు బస్సులోనికి పోవును. 2022 ఏప్రిల్‌లో ఆంధ్ర, తెలంగాణ రోడ్డురవాణా సంస్థలు రెండును టిక్కెట్టుపైన డీజిలు సెస్సు వేయవలసి వచ్చెను. ఆదాయపు పన్ను ఆదాయమును చూచి పడును. ఈ పన్ను మనిషిని చూడదు.

సముద్రముమీద బ్రతుకువాని సంగతి చూడుడు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మత్స్యకారుల మరపడవలకు డీజిలు రాయితీని లీటరుకు 6 రూపాయల 3 పైసల నుండి 9 రూపాయలకు పెంచెను. విశాఖలోను, కాకినాడలోను, నిజాంపట్నములోను జాలరులు సంతోషించిరి, సంతోషింపవలసినదే. 2021 ఫిబ్రవరిలో డీజిలుపై కేంద్ర సుంకము 31 రూపాయల 80 పైసలు. ఆ సుంకముపైననే రాష్ట్రపు 22.25 శాతము 7 రూపాయల 8 పైసలు. లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, రూపాయి రోడ్ల సెస్సు కలిపిన 12 రూపాయల 8 పైసలు. డీజిలు అసలు వెలపై పడు పన్ను ఇంకను లెక్కకు రాలేదు. సముద్రములో రోడ్లు లేవని వేరుగ చెప్పనక్కరలేదు. రాష్ట్రము 12 రూపాయలకు పైగా పుచ్చుకొని 9 ఇచ్చెను. ఆ 9కి పథకమని పేరుపెట్టిరి, 12కు పేరు లేదు.

వంటగ్యాసు కథ దీనికి కొంత భిన్నము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ‘దీపం’ పథకము పేదయిండ్లకు గ్యాసు కనెక్షన్లనిచ్చెను. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఆరంభమైన ‘ఉజ్వల’ దేశమంతటను పదికోట్లకు మించిన యిండ్లకు చేరెను. పుల్లలపొయ్యి పొగలో కండ్లు పోగొట్టుకొనుచున్న స్త్రీలకు ఇది నిజమైన మేలు. కాని కనెక్షను ఇచ్చుట ఒకటి, బండ మరల నింపించుకొనగలుగుట మరియొకటి. 2020 మే తరువాత చాలమంది ఖాతాలలో గ్యాసు రాయితీ పడుట, పెద్ద ప్రకటన యేదియు లేకయే, నిలిచిపోయెను. ఢిల్లీలో 2020 జూలైలో 594 రూపాయలున్న బండ 2023 మార్చిలో 1103 రూపాయలయ్యెను. 2022–23లో ఉజ్వల కుటుంబము సగటున ఏడాదికి నాలుగు బండలైనను వాడలేదు. మిగిలిన నెలలలో పొయ్యి దేనితో వెలిగెనో ఊహింపవచ్చును. ఉజ్వల కుటుంబములకు 2022 మేలో బండకు 200 రూపాయల రాయితీ నిచ్చి, 2023 అక్టోబరులో 300 చేసిరి. 2024లో తెలంగాణ ప్రభుత్వము అర్హులకు 500 రూపాయలకే బండ యిచ్చు పథకమును, ఆంధ్ర ప్రభుత్వము ఏడాదికి మూడు ఉచిత బండల పథకమును ఆరంభించినవి. రాయితీ అనదగినది ఏదైన నున్నచో అది ఇదే; దుబారాయని దీనిని వెక్కిరించు నగరవాసి పొగపొయ్యి ముందు ఒక్కపూట కూర్చుండి చూడవలెను.

గృహవినియోగపు గ్యాసు వస్తుసేవల పన్నులో 5 శాతముతో ఉన్నది. పెట్రోలు, డీజిలు 2017 జూలై 1 నుండియు ఆ పన్నుకు వెలుపలనే నిలిచినవి. 2021 సెప్టెంబరు 17న లక్నోలో కూడిన మండలి, వాటిని చేర్చుటకు సమయము రాలేదని తేల్చెను. కేంద్రమునకును రాష్ట్రములకును, ఏ పక్షము పాలించినను, అభిప్రాయము కుదిరిన కొలది విషయములలో ఇది యొకటి. అది ఇప్పట్లో జరుగునని నేననుకొనను. కాని దానికంటె సులువైన పని యొకటి కలదు. హోటలులో ఇడ్లీ తిన్నను చీటీలో కేంద్రపు పన్నెంతో, రాష్ట్రపు పన్నెంతో వేరువేరుగ ఉండును. కరెంటు బిల్లులో సుంకము వేరుగ ఉండును. పెట్రోలు బంకు చీటీలో సాధారణముగా లీటరు ధర, పోసిన పరిమాణము, మొత్తము మాత్రమే ఉండును. అందులో కేంద్రమునకింత, రాష్ట్రమునకింత అని రెండు పంక్తులు చేర్చుటకు రాజ్యాంగమును సవరింపనక్కరలేదు, మండలి కూడనక్కరలేదు. చీటీ అచ్చువేయు యంత్రము బంకులో ఇప్పటికే ఉన్నది.