చారు చిన్నమాట కాదు



హాస్టల్లో చదివిన వాళ్లం ఎక్కడ కలిసినా ముందు నవ్వుకునేది చారు గురించే. ఎంత దేవినా గరిటెకు పప్పుబద్ద తగిలేది కాదని! అలాంటి మేము పీజీలో చేరాక ఒక విందులో 'సూప్' అని గిన్నె చేతికిస్తే బిత్తరపోయాం. స్పూను ఎలా పట్టుకోవాలో తెలియలేదు. తాగి చూస్తే మిరియాల ఘాటు, కాస్త పులుపు. మన చారే! పేరు మారితే అంత బెదురెందుకు? అందుకే ఆ మాటల పుట్టుక వెతికాం.

సూప్ అనే మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దాని వేరు జర్మానిక్ భాషల్లో ఉంది. మొదట్లో ఆ మాటకు అర్థం రసంలో నానిన రొట్టెముక్క. తర్వాతే అది రసానికి పేరైంది. అలా చూస్తే అన్నంలో చారు పోసుకుని పిసుక్కుని తిన్న మనమే అసలైన సూప్ తిన్నవాళ్లం! సంస్కృతంలో 'సూపం' అంటే పప్పు, సూపకారుడంటే వంటవాడు. రెండు మాటలూ ఒకేలా వినబడతాయి గానీ, ఇంగ్లీషు సూప్ అక్కడినుంచి వచ్చింది కాదు. గొప్ప చెప్పుకోవడానికి మనకా అవసరమూ లేదు.

మన 'చారు' ద్రావిడ భాషల సొంత మాట. తమిళంలో 'చాఱు' అంటే పిండిన రసం. కన్నడంలో 'సారు' అంటారు. పోర్చుగీసువాళ్ల రాకతో మిరపకాయ మన దేశానికి చేరకముందు ఘాటుకు మిరియాల వంటివే దిక్కు. తమిళుల 'మిళగు తణ్ణీర్', అంటే మిరియాల నీళ్లు, తెల్లదొరల నోట 'ముల్లిగటానీ' అయి ఇంగ్లండు దాకా వెళ్లింది. ఇక ఉలవచారు సంగతి చూడండి. ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి, మిగిలిన కట్టును రైతులు చారు కాచుకునేవారు. నేడు అదే ఉలవచారుకు పెద్ద హోటళ్లలో మీగడ వేసి వడ్డిస్తున్నారు. పులుపుకు కావలసిన చింతపండు మన జంగారెడ్డిగూడెం పక్కనున్న బుట్టాయగూడెం ఏజెన్సీ చెట్లకే కాస్తుంది.

కనుక తమ్ముళ్లారా, చారు తిని పెరిగామని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. అయితే ఇంకో మాట. చారంటే పిండిన రసం, రంగునీళ్లు కాదు. "హాస్టల్ చారు అంతేలే" అని మేము నవ్వి ఊరుకున్నాం. అది మా తప్పు. మా తర్వాత వచ్చినవాళ్లూ అవే నీళ్లు పోసుకున్నారు. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే గనుక, అడిగితే సీటు పోతుందేమోనని భయపడ్డాం. మీరు భయపడకండి. సరుకులు తూచి ఇచ్చేటప్పుడు ఇద్దరు దగ్గర నిలబడండి. పప్పు ఎంత ఇచ్చారో, ఎంత ఉడికిందో మర్యాదగానే అడగండి. పూర్వ విద్యార్థులం వచ్చినప్పుడు వేదిక మీదే కూర్చోకుండా, మీ పక్కన కూర్చుని ఒక ముద్ద తిందాం.

ఆ మాటకున్న అర్థం మన కంచంలోనూ ఉండాలి. అదే మా కోరిక.