వాతం అన్న ఒక్క మాటతో పని జరగదు

మన ఇండ్లల్లో వాతం అన్న మాట మోసినంత బరువు ఇంకే మాటా మోయదు. అవ్వకు మోకాళ్ళు పట్టుకుంటే వాతం. అత్త వేళ్ళు ఉబ్బితే వాతం. చిన్నాయనకు రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోయేట్టు ఉంటే అదీ వాతమే. 2006లో చికున్‌గున్యా వచ్చి పోయినాక నెలల తరబడి గోడ పట్టుకొని నడిచినవాళ్ళకూ ఊర్లో పెట్టిన పేరు అదే. పేరు ఒకటే కాబట్టి వైద్యమూ ఒకటే అయిపోయింది: నువ్వుల నూనె కాచి పూయండి, ఉడుకు నీళ్ళు పోయండి, వంకాయ మానండి.

ఈ జబ్బులకు మందులు, డాక్టర్లు, సర్కారు పథకాలు ఈ పొద్దు లేకపోలేదు. అవి మన ముసలివాళ్ళకూ, మన ఆడవాళ్ళకూ వేళకు అందకపోయేది చాలాసార్లు మధ్యలో మాట తెగిపోవడం వల్లే అని మా అభిప్రాయం. ఆ తెగిన చోట నిలబడాల్సింది కన్నడం చదువుకున్న మా తరం.

ముందు జబ్బుల సంగతి. ఎక్కువమందికి ఉండేది అరుగుదల. మోకాలి సందులో ఉండే మెత్తటి పొర అరిగిపోయి, మెట్లెక్కితే నొప్పి, కూర్చుంటే కొంచెం నయం. పొద్దున బిగుసుకున్నట్టు ఉన్నా సాధారణంగా అర్ధగంట లోపల వదులుతుంది. రుమటాయిడ్ అట్లా కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కీళ్ళ మీద పడుతుంది. రెండు చేతులకూ ఒకే మాదిరి వేళ్ళ కణుపులు, మణికట్లు వాస్తాయి. పొద్దున లేచినాక గంటసేపైనా పిడికిలి ముడుచుకోదు. ఇది ముసలితనం తెచ్చేది కాదు, ముప్పై, నలభై ఏండ్లలోనే మొదలుకావచ్చు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడింతలు ఎక్కువ.

మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. ముప్పై ఐదేండ్ల కోడలు సంగటి కెలికేకి తెడ్డు పట్టలేకపోతుంది అంటే "ఈ వయసుకే వాతమా?" అని నవ్వుతారు. పని తప్పించుకునేకి అని కూడా అంటారు. ఆ నవ్వుల్లో ఆరు నెలలు పోతాయి. రుమటాయిడ్‌లో మొదటి నెలలే విలువైనవి. అప్పుడు మందు పడితే కీలు నిలుస్తుంది, లేకపోతే వంకర పోయిన వేళ్ళు మళ్ళీ తిన్నగా కావడం కష్టం. రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనీ కాదు, వాపు ఉంటే మళ్ళీ పోయి చూపించుకోవాల్సిందే. దీనికి రుమటాలజిస్టు అని వేరే డాక్టరు ఉంటారు. ఎముకల డాక్టరు దగ్గరికే పోయి తిరిగి వచ్చేవాళ్ళకు ఈ పేరు తెలిసి ఉండడం మంచిది.

ఇప్పుడు మాట సంగతి. పావగడ పక్క పల్లె నుంచి అవ్వను బెంగళూరు ఆసుపత్రికి తెస్తాం. అవ్వకు వచ్చింది ఇంటి తెలుగు. డాక్టరు అడిగేది కన్నడంలోనో ఇంగ్లీషులోనో. మధ్యలో మనవడు. అవ్వ చెప్తుంది: "పొద్దున పట్టేసినట్టు ఉంటాదప్పా, మజ్జాన్నానికి వదులుతాది. రాత్రికి సలుపు. మబ్బు పట్టితే పీకుతాది. చెయ్యి ఆనిస్తే మంట." మనవడు డాక్టరుతో అనేది: "మండి నోవు సార్." అవ్వ ఐదు సంగతులు చెప్తే డాక్టరుకు చేరింది ఒకటి.

సలుపు అంటే నాడి కొట్టుకున్నట్టు లోపల లోపల వచ్చేది. పోటు ఒక్కసారిగా పొడిచినట్టు. పీకడం ఎముకలో నుంచి వచ్చే మొద్దు నొప్పి. గుంజడం నరం లాగినట్టు. పట్టేయడం అసలు నొప్పే కాదు, కదలిక పోవడం. తిమ్మిరి అన్నారంటే అది కీలుది కాకపోవచ్చు, నడుములో నరం నొక్కుకుంటే కాలికి వచ్చేదీ కావచ్చు. డాక్టరుకు ఈ తేడాలే దారి చూపిస్తాయి. కన్నడంలో ఇట్లాంటి మాటలు లేవని కాదు. ఉరి, సెళెత, జోము, బావు అన్నీ ఉన్నాయి. అయితే కన్నడ మీడియంలో మాకు బడి నేర్పింది సంధివాత అనే పుస్తకం మాట. ఉరి, సెళెత వీధిలో వచ్చినవి. వాటిని అవ్వ మాటలతో జత కలిపి ఎవరూ నేర్పరు.

మా వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగు. అందులో "పని చేయడం లేదు" అని రాసి పంపితే ఆ రిపోర్టు అట్లే వెనక్కి వస్తుంది. ఏం చేస్తే, ఎప్పుడు, ఎంతసేపు, ఎన్నిసార్లు అని ఉంటేనే ఎవరైనా చూస్తారు. అవ్వ చెప్పేది సరిగ్గా అట్లాంటి రిపోర్టు. దాన్ని కుదించే హక్కు మనకు లేదు. పోయే ముందు రోజు రాత్రి ఒక కాగితం మీద రాయండి: ఏ కీళ్ళు, రెండు పక్కలా లేక ఒక పక్కేనా, పొద్దున వదిలేకి ఎన్ని నిమిషాలు, మింగుతున్న మందులేవి, పొట్లాలతో సహా. వాచిన రోజే చేతిని ఫోటో తీసి పెట్టండి. డాక్టరు చూసే నాటికి వాపు దిగిపోయి ఉండొచ్చు.

పొట్లాలు అన్నాం కదా. లేబులు లేని పొడి రెండు రోజుల్లో నొప్పి మాయం చేస్తే సంతోషపడకండి, అనుమానపడండి. ఇట్లాంటి వాటిలో స్టెరాయిడ్ కలపడం కొత్తేమీ కాదు. నెలల తరబడి తింటే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. అట్లని ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, డాక్టరుకు చెప్పి మెల్లగా దించాలి.

మెథోట్రెక్సేట్ సంగతి ఇంకా ముఖ్యం. రుమటాయిడ్‌కు సాధారణంగా మొదట రాసే మందు ఇదే, చౌక కూడా. కీళ్ళ జబ్బుకు దీన్ని వారానికి ఒక్కసారే వాడాలి. చీటీలో ఇంగ్లీషు చదివేవాళ్ళు ఇంట్లో లేక రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డబ్బా మీద "సోమవారం మాత్రమే" అని ఇంట్లో చదవగలిగే లిపిలో, కన్నడమో తెలుగో, పెద్దగా రాసి పెట్టండి. చదువు రానివాళ్ళకు క్యాలెండరులో ఆ రోజు చుట్టూ గుండ్రంగా గీయండి. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు పనికిరాదు కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్ళు డాక్టరుతో ముందే మాట్లాడాలి. గుణం కనపడేకి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూడో వారంలోనే "ఏమీ లాభం లేదు" అని ఆపేసి మళ్ళీ నూనె సీసా దగ్గరికి పోయిన ఇండ్లను చూసినాం.

మా పక్క ఇంకొక చిక్కు ఉంది. కోలారు, చిక్కబళ్ళాపురం, పావగడ, ఇటు అనంతపురం, అటు నల్లగొండ, ఇవన్నీ బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉండే సీమలు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అన్నది మన దేశంలో పెట్టిన గరిష్ఠ హద్దు. దాన్ని బాగా మించిన నీళ్ళు ఏండ్ల తరబడి తాగితే మెడ తిరగదు, నడుము వంగదు. దానికీ మనం పెట్టిన పేరు వాతమే. దీనికి మొదటి వైద్యం నీళ్ళు మార్చడం. నీళ్ళు కాచితే ఫ్లోరైడు పోదు, ఇంకా చిక్కబడుతుంది. తాగేకి శుద్ధ నీరు క్యాన్లలో తెచ్చుకొని, సంగటికీ పప్పుకూ బోరు నీళ్ళే పోసే ఇండ్లు మన చుట్టూ ఉన్నాయి.

పథకాల గురించి కొంచెమే చెప్తాం. రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో మొదలైంది, కానీ దేశమంతటికీ వర్తిస్తుంది. 60 దాటిన పేదవాళ్ళకు చేతికర్రలు, వాకర్ల లాంటివి ఉచితంగా ఇస్తారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంటు ధరకు హద్దు పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, పన్ను వేరే. ఆపరేషనుకు పోయేవాళ్ళు బిల్లులో ఇంప్లాంటు ధర వేరుగా చూపించమని అడగాలి. 2016 దివ్యాంగుల చట్టంలోని 21 రకాల్లో కీళ్ళవాతం పేరు ఉండదు. అది చూసి వెనక్కి రావద్దు. కదలిక వైకల్యం కింద కీళ్ళను కొలిచి శాతం వేస్తారు, 40కి తక్కువ కాకుంటే చట్టంలోని చాలా సౌకర్యాలకు అర్హత వస్తుంది.

ఇంట్లో చేయాల్సింది దీనికంటే ఎక్కువ, దానికి అర్జీ కూడా అక్కరలేదు. పాశ్చాత్య మరుగుదొడ్డి, కొంచెం ఎత్తు మంచం, వంటింట్లో ఒక కుర్చీ. మోకాలు అరిగిందని నడక మాన్పించొద్దు. కుర్చీలో కూర్చుని కాలు చాపి ఐదు లెక్కపెట్టి దించడం రోజూ పది సార్లు చేసినా తొడ కండ బలపడి మోకాలికి ఆసరా అవుతుంది. పూజకు కింద కూర్చోలేక సిగ్గుపడే పెద్దవాళ్ళున్నారు. దేవుని ముందర స్టూలు వేసేది చిన్నవాళ్ళే, వాళ్ళు అడగకముందే వేయాలి.

మేము ఒక పేజీ మొదలుపెట్టినాం. ఎడమ పక్క నొప్పికి మన ఇంటి తెలుగు మాట, కుడి పక్క కన్నడ మాట, రెండూ రెండు లిపుల్లో. ఆసుపత్రికి పోయేటప్పుడు మడిచి జేబులో పెట్టుకోవచ్చు. హోసూరువాళ్ళకు తమిళం కావాలి, బరంపురంవాళ్ళకు ఒడియా, షోలాపూరువాళ్ళకు మరాఠీ. అవి మీరే రాయాలి. మీ అవ్వనో, జేజినో, అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి, వాళ్ళు ఏ మాట అంటే ఆ మాటే పంపండి. పుస్తకం తెలుగులోకి దిద్దొద్దు.