ఉబ్బసానికి నా పరుగే కనిపించిందా?

"ఉబ్బసం ఉన్నదానివి, ఈ వయసులో పరుగులేంటమ్మా?"

ఇంట్లోనూ వీధిలోనూ ఇదే మాట. సరే, నేనూ ఒకటి అడుగుతాను. సంక్రాంతికి అటక దులుపుతూ దుమ్ముకి దగ్గుతుంటే, నా చేతిలో చీపురు ఎవరైనా తీసుకున్నారా? ఎండుమిరపకాయల పోపు ఘాటుకి ఊపిరాడకపోతే "నువ్వు తప్పుకో, నేను చూస్తా" అన్నారా? ఇంటి పనికి అడ్డురాని ఉబ్బసం నా సంతోషానికే అడ్డొచ్చిందా?

నేనేం మొండికి పోలేదు. డాక్టరుగారిని అడిగాను. పావుగంట ముందు ఇన్‌హేలర్ పీల్చి, కాసేపు నడిచి, మెల్లగా మొదలుపెట్టమన్నారు. చలిగాలి ఎక్కువున్న రోజు మానేస్తాను. పౌలా రాడ్‌క్లిఫ్‌కీ ఆస్తమానే. 2003లో లండన్ మారథాన్‌ని 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు సాధించింది.

నాకు రికార్డులొద్దు. పార్కు చుట్టూ రెండు రౌండ్లు చాలు. ఆ ఇరవై నిమిషాలూ నన్నెవరూ పిలవరు. రాత్రిళ్లు నన్ను భయపెట్టే ఊపిరే అక్కడ నాతో కలిసి పరుగెడుతుంది. ఆ హాయి నాకు కావాలి.

అక్కలూ, చెల్లెళ్లూ! జబ్బు పేరు చెప్పి మీ సరదాని ఎవరైనా ఆపబోతే, ముందు ఆ చీపురు వాళ్ల చేతికివ్వండి.