కీర్తిమందిరమునకు అర్హులెవరు?

చెన్నపురిలో నలుగురు తెలుగువారు చేరినచోట సంభాషణ ఎచ్చట ప్రారంభమైనను, చివరకు క్రికెట్టు దగ్గరకు వచ్చి ఆగుట మనమందరము ఎరిగినదే. 2025లో మహేంద్ర సింగ్ ధోనీని అంతర్జాతీయ క్రికెట్ మండలివారు తమ కీర్తిమందిరమున చేర్చుకొన్న నాటినుండి ఆ సంభాషణ వివాదముగా మారినది. 2009లో స్థాపితమైన ఆ మందిరమున గావస్కర్, కపిల్ దేవ్, బేడీ మొదలుకొని పలువురు భారతీయులకు స్థానము లభించినది. 2025 వరకు ప్రకటింపబడిన పేర్లలో తెలుగువాడు ఒక్కడును లేడు. ఇది న్యాయమా అని మనవారు అడుగుచున్నారు.

ప్రశ్న సమంజసమైనదే. కాని దానిని వాదించు పద్ధతులు రెండును పొరపాటైనవని మా అభిప్రాయము. ఒక పక్షమువారు అంకెల పట్టికను ముందు పెట్టి, అందులో లేనిది లోకములోనే లేదనుచున్నారు. రెండవ పక్షమువారు ఇంటిపేరు విని, మనవాడైనచో చాలునని చప్పట్లు కొట్టుచున్నారు. మొదటివారు చరిత్రకు అన్యాయము చేయుచున్నారు. రెండవవారు మన మర్యాదకే భంగము తెచ్చుచున్నారు.

ముందుగా కొట్టారి కనకయ్య నాయుడుగారి సంగతి చూతము. 1895లో నాగపురమున, అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించిన ఈయన మనవలెనే ప్రవాసాంధ్రుడు. ఆడిన టెస్టులు 7, చేసిన పరుగులు 350, సగటు 25. ఈ అంకెలతో కీర్తిమందిరమెట్లు సాధ్యమని అంకెల పక్షమువారి ఆక్షేపణ.

వారిని మేమొక ప్రశ్న అడుగుదుము. 1932 మొదలు 1936 వరకు భారతదేశము ఆడిన టెస్టులెన్ని? ఇంగ్లాండులో ఒకటి, స్వదేశమున మూడు, మరల ఇంగ్లాండులో మూడు. మొత్తము ఏడే. ఆ ఏడింటను ఆయన ఆడినాడు. దేశము ఇచ్చిన అవకాశములన్నియు తీసుకొన్నవానిని, తక్కువ ఆడినాడని నిందించుట ఏమి న్యాయము? మొదటి టెస్టు నాటికి ఆయన వయస్సు 36 సంవత్సరములు. నేటి ఆటగాండ్లు వీడ్కోలు సభలకు సిద్ధపడు వయస్సున ఆయనకు తలుపు తెరువబడినది.

ఆ తలుపు దానంతటది తెరచుకొనలేదు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున, గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై నాయుడుగారు 153 పరుగులు చేసినారు. అందు సిక్సర్లు 11. భారతీయులు ఇంగ్లీషువారితో సమానముగా ఆడగలరని నాడు ఆ మైదానమున ఉన్నవారందరు కన్నులార చూచినారు. 1928లో మన క్రికెట్ బోర్డు ఏర్పడినది. 1932 జూన్‌లో లార్డ్స్‌లో భారత జట్టు తొలి టెస్టునకు దిగినది. ఆ జట్టునకు నాయకుడాయనే. చేతికి దెబ్బ తగిలినను మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేసి జట్టులో అగ్రస్థానమున నిలిచినాడు. ఆ పర్యటనలో ప్రథమశ్రేణి ఆటలలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసినాడు. 1933లో విస్డెన్ ఆయనను ఆ సంవత్సరపు ఐదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకనిగా ఎన్నుకొన్నది. ఇది దయాధర్మముచే ఇచ్చిన గౌరవము కాదు. ఆటను చూచి ఇచ్చినది.

ఇక మందిరమువారి నడవడినే పరిశీలింతము. 2021లో వారు గత యుగములవారిని ప్రత్యేకముగా ఎన్నుకొన్నారు. రెండు మహాయుద్ధముల నడిమి కాలమునకు ఇద్దరిని తీసుకొన్నారు. అందొకరు వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్. ఆయన 18 టెస్టులలో చేసిన పరుగులు 635, సగటు 19 పై చిల్లర, తీసిన వికెట్లు 58. ఆయనను చేర్చుకొనుట ఎంతయు న్యాయము. తన జాతికి క్రికెట్టులో ఆత్మగౌరవము సంపాదించిన మహనీయుడాయన. కాని, కాన్‌స్టంటైన్‌కు తగిన కొలబద్ద నాయుడుగారికి ఎందుకు తగదు? అదే యుగము, అదే దాస్యము, అదే పోరాటము!

అమెరికావారి బేస్‌బాల్ ఆటనుండియు మనము నేర్చుకొనవలసినది కలదు. కూపర్స్‌టౌన్‌లోని వారి కీర్తిమందిరమునకు 1936లో మొదటి ఎన్నిక జరిగినది. నల్లజాతివాడగుటచే సాచెల్ పేజ్ అను మహా బౌలరును పెద్ద లీగులు చిరకాలము దరిచేరనీయలేదు. 1948లో ప్రవేశము దొరకునప్పటికి ఆయన నలుబదియవ పడి దాటినాడు. పెద్ద లీగులలో ఆయన అంకెలు సహజముగనే స్వల్పము. అయినను 1971లో ఆయనను మందిరమున చేర్చినారు. తలుపు మూసినవారు, తరువాత వచ్చి, నీవు లోపల ఎక్కువకాలము లేవు కదా అని అడుగరాదని వారు గ్రహించినారు. మనవారికి ఆ గ్రహింపు ఎప్పుడు కలుగును?

ఇంకొక వింత గమనింపుడు. 1994 నుండి మన బోర్డువారు జీవిత సాఫల్యమునకిచ్చు పురస్కారము కర్నల్ సి.కె. నాయుడు పేరిటనే ఉన్నది. ఆ పురస్కారము అందుకొన్న బేడీ, గావస్కర్, కపిల్ దేవ్ కీర్తిమందిరమున ఉన్నారు. పేరిచ్చినవాడు వెలుపల నిలిచియున్నాడు!

ఇప్పుడు రెండవ పక్షమువారి వంక తిరుగుదము. వీరు నాయుడుగారితో పాటు విజయనగరము మహారాజకుమారుని పేరును ఉత్సాహముగా వల్లించుచున్నారు. మేము అంగీకరింపము. విజ్జీ ఆటకు పోషకుడు. హాబ్స్, సట్‌క్లిఫ్ వంటివారిని 1930-31లో తన జట్టున ఆడించిన ఘనుడు. బోర్డునకు అధ్యక్షత వహించినవాడు. కాని 1936లో నాయుడుగారు జట్టులో ఉండగా నాయకత్వము ఆయనకు దక్కినది ఆటచే కాదు, హోదాచే. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు 33. ఆ పర్యటనలోనే లాలా అమర్‌నాథ్‌ను నడుమ ఇంటికి పంపివేసిరి. పోషకునికి పోషకుని గౌరవము చాలును. ఆయన తెలుగువాడని మనము ఈ దోషములను కప్పిపుచ్చినచో, నాయుడుగారిని గూర్చి మనము చెప్పు మాటను మాత్రము ఎవరు విశ్వసింతురు?

యువకులు లక్ష్మణుని పేరు చెప్పుచున్నారు. 134 టెస్టులు, 8,781 పరుగులు, 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై చేసిన 281 ఎవరు మరువగలరు? ఆయన అర్హతను మేము కాదనము. సగటు 50కి కొంచెము తక్కువ గనుక ఆలస్యమగుచుండవచ్చును, కాని ఆయన రికార్డు అందరి కన్నుల యెదుటనే ఉన్నది. దాని కొరకు వాదించువారు దేశమంతట కలరు. నాయుడుగారి ఆట చూచినవారు నేడు దాదాపు లేరు. కావున ముందుగా నోరు విప్పవలసినది ఆయన కొరకే.

ఇక మన ఊరివారి మాట. మైలాపూరు లజ్ ప్రాంతమున నివసించిన మోతవరపు వెంకట మహీపతి నాయుడు, లోకమెరిగిన పేరు బుచ్చిబాబు, 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పినాడు. తెల్లవారి క్లబ్బులో భారతీయులకు సమానస్థానము లేని రోజులవి. కులమతభేదము లేక బాలురను చేరదీసి, సొంత ధనముతో బ్యాట్లు, బంతులు కొనియిచ్చి ఆట నేర్పినాడు. యూరపియనులకును భారతీయులకును నడుమ ప్రెసిడెన్సీ పోటీని ఏర్పాటు చేసి, అది జరుగుట చూడకయే 1908లో కన్నుమూసినాడు. ఆయనకు టెస్టు సగటు ఎచ్చటనుండి తేగలము?

ఆయన కుమారుడు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్పులో భారతదేశము పక్షమున టెన్నిసు ఆడినాడు. 1936లో, నలుబది ఏండ్ల వయస్సున, ఇంగ్లాండులో రెండు టెస్టులాడి 170 పరుగులు చేసినాడు. సగటు 56.66. అంకెల పక్షమువారి లెక్క ప్రకారము నాయుడుగారి కంటె ఈయనయే రెండింతలు గొప్పవాడు కావలెను! రామస్వామిగారు బ్రతికియున్నచో ఈ లెక్కకు తామే నవ్వియుందురు. రెండు క్రీడలలో జన్మభూమికి ప్రాతినిధ్యము వహించిన అరుదైన వ్యక్తిగా ఆయనను స్మరించుట న్యాయము. ప్రపంచ మందిరమున ఆయనకు చోటడుగుట అతిశయోక్తి.

కావున మా నిర్ణయమిది. ప్రపంచ కీర్తిమందిరమునకు మనము అడుగవలసిన తొలి పేరు సి.కె. నాయుడు, పిదప లక్ష్మణుడు. బుచ్చిబాబునకును రామస్వామికిని చోటు ఈ నగర చరిత్రలో, మన యింట ఉండవలెను. ప్రభావమును కూడ లెక్కించినచో మందిరమునకు ద్వారబంధమే లేకుండపోవునని కొందరందురు. పరీక్ష సులభమే. ఆ పేరు తీసివేసినచో ఆట చరిత్ర చెప్ప వీలగునా? నాయుడుగారిని తీసివేసి భారతదేశపు తొలి టెస్టును గూర్చి ఒక్క వాక్యము వ్రాయుడు, చూతము.

1953లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారి ప్రవేశించినపుడు 58 ఏండ్ల వయస్సున నాయకత్వము వహించినది నాయుడుగారే. ఆయన మనలను మరువలేదు. మన పిల్లలు మైలాపూరులో, చేపాకములో ఆడుచున్నారు గాని బుచ్చిబాబు ఎవరని అడిగినచో ఒక పోటీ పేరందురు. ఇది వారి తప్పు కాదు, చెప్పని మన తప్పు. సంఘము తరఫున అంతర్జాతీయ మండలికొక విజ్ఞాపన పంపుడు. విద్యార్థుల బహుమాన సభలో ఈ మువ్వురి కథ చెప్పుడు. రెండవది చేయనిచో, మొదటిదానిపై సంతకము పెట్టు హక్కు మనకు లేదు.