ఆ రాకెట్‌ను ఎగరేసింది ఊరు

‘అక్టోబర్ స్కై’ సినిమా మాటొస్తే చాలు, అందరూ ఒకే మాటతో మెచ్చుకుంటారు: మంచి టీచరు ఒక్కరు దొరికితే బొగ్గు గనిలో బతుకు వెళ్లదీయాల్సిన కుర్రాడు కూడా ఆకాశాన్ని అందుకుంటాడని. 1999లో జో జాన్‌స్టన్ తీసిన ఈ సినిమాను ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు. కళ్లు చెమరుస్తాయి, చెమర్చాలి కూడా. కానీ కళ్లు తుడుచుకున్నాక మనం చెప్పుకుంటున్న ఆ నీతి తప్పు. సినిమాలో మన కళ్లెదుటే కనిపించే మనుషుల్లో సగం మందిని అది చెరిపేస్తోంది.

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పైకి పంపింది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, కోల్‌వుడ్ అనే గనుల ఊళ్లో అది చూసిన హోమర్ హికమ్ అనే హైస్కూలు కుర్రాడు నేస్తాలను కూడగట్టి రాకెట్లు కట్టడం మొదలుపెట్టాడు. సైన్స్ టీచరు ఫ్రీడా రైలీ వెన్ను తట్టింది. గని సూపరింటెండెంటైన తండ్రికి అది గిట్టలేదు. 1960లో ఇండియానాపొలిస్‌లో జరిగిన జాతీయ సైన్స్ ఫెయిర్‌లో హోమర్‌కు పతకం వచ్చింది. తర్వాత ఇంజినీరై, 1981లో నాసాలో చేరాడు. 1998లో ఆయనే రాసిన ‘రాకెట్ బాయ్స్’ ఈ సినిమాకు మూలం.

ఈ కథలో ఆయువుపట్టు టీచరమ్మ ఇచ్చిన పుస్తకం కాదు, రాకెట్ అడుగున ఉండే నాజిల్. మండే వాయువులు ముందు ఇరుకైన గొంతులోంచి దూరి, ఆ తర్వాత విచ్చుకునే దారిలో ధ్వనివేగాన్ని మించి బయటికి దూసుకుపోవాలి. గొంతు కొలత కాస్త తప్పినా, ఆ వేడికి లోహం కరిగినా రాకెట్ పక్కకు పడిపోతుంది, లేదా పేలిపోతుంది. ఆ కొలతల్ని కాగితం మీద లెక్కగట్టడం కుర్రాళ్లు నేర్చుకున్నారు. ఉక్కులో చెక్కడం మాత్రం వాళ్ల వల్ల కాదు. అందుకు గని వర్క్‌షాపులో లేత్ కావాలి, దాని మీద ఏళ్ల తరబడి చెయ్యి తిరిగిన మనిషి కావాలి. సూపరింటెండెంటు కంట పడకుండా పిల్లలకు గొట్టాలు వెల్డింగ్ చేసిపెట్టింది వర్క్‌షాపులో పనిచేసే బైకోవ్‌స్కీ. ఆయన తర్వాత గనిలో పనికి మారి, అక్కడి ప్రమాదంలో ప్రాణం పోగొట్టుకుంటాడు. సినిమా ఈ సంగతిని దాచలేదు. అయినా ఈ సినిమా గురించి ఉపాధ్యాయ దినోత్సవాల్లో ఉపన్యసించేవాళ్లెవరూ బైకోవ్‌స్కీ పేరెత్తగా నేను వినలేదు.

ఇండియానాపొలిస్‌లో ప్రదర్శనకు పెట్టిన నాజిల్‌ను ఎవరో దొంగిలించినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. కుర్రాడు ఇంటికి ఫోన్ చేస్తాడు. ఊళ్లో కార్మికులు సమ్మెలో ఉన్నారు, వర్క్‌షాపు మూతబడి ఉంది. తల్లి ఎల్సీ మొగుడితో తెగేసి మాట్లాడుతుంది. యూనియన్‌తో రాజీ కుదురుతుంది, లేత్ తిరుగుతుంది, కొత్త నాజిల్ బస్సెక్కి ఫెయిర్‌కు చేరుతుంది. ఒక పిల్లవాడి పతకం కోసం యాజమాన్యం, యూనియన్, తల్లి, టర్నరు, బస్సు డ్రైవరు అందరూ కదిలారు. ఇంతకన్నా స్పష్టంగా ఏ సినిమా చెప్పగలదు? అయినా బయటికొచ్చి ‘ఒక్క టీచరు జీవితాన్నే మార్చేసింది’ అంటున్నాం.

ఫ్రీడా రైలీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. హాడ్జ్‌కిన్స్ వ్యాధితో పోరాడుతూనే పాఠం చెప్పిన మనిషి ఆమె. 1969లో, 31 ఏళ్లకే కన్నుమూసింది. ఆమె చేసిన పని అరుదైనది: పిల్లల చేతిలో సరైన పుస్తకం పెట్టింది, ఫెయిర్‌లో పాల్గొనమని పట్టుబట్టింది, వాళ్ల మీద నమ్మకం లేని పెద్దల ముందు వాళ్ల పక్షాన నిలబడింది. దేవతను చేసి పటం కట్టేస్తే ఆ పని విలువే కనబడకుండా పోతుంది. సైన్సు తెలిసిన టీచరు ఆ కొండల మధ్య బడిలో ఉండటం దైవికం కాదు. అక్కడ బడి ఉంది, టీచరు ఉద్యోగం ఉంది, నెలనెలా జీతం ఉంది.

తండ్రి విషయంలో మాత్రం సినిమాయే అన్యాయం చేసింది. గని అంటే గతం, తండ్రి అంటే గని, కాబట్టి తండ్రిని దాటితేనే భవిష్యత్తు అన్న లెక్కలో కథ నడిపారు. తండ్రి దెబ్బతింటే హోమర్ చదువు మాని గనిలో దిగినట్టు చూపించారు. అది సినిమా కోసం అల్లిన సంగతి. అసలు తండ్రి డిగ్రీ లేకుండా, తనంతట తానే చదువుకుని సూపరింటెండెంటు దాకా ఎదిగినవాడు. కొడుకులో రగిలిన ఆ పట్టుదల ఆయన దగ్గరనుంచే వచ్చిందని పుస్తకం చదివితే తెలుస్తుంది. ఆరుగురు కుర్రాళ్లను నలుగురిని చేయడం సినిమావాళ్ల అవసరం, దానితో నాకు పేచీ లేదు. తండ్రిని అడ్డుగోడను చేయడంతో ఉంది.

‘ఒక్క టీచరు చాలు’ అన్న నీతి వల్ల జరిగే నష్టం కూడా చిన్నది కాదు. ఒక్క మంచి మనిషి చాలనుకుంటే మిగతా అందరూ బాధ్యత నుంచి తప్పుకోవచ్చు. అప్పటి అమెరికా ప్రభుత్వం అలా అనుకోలేదు. స్పుత్నిక్ వచ్చిన మరుసటి ఏడాదే, 1958లో, నాసాను పెట్టింది. అదే ఏడాది జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చి సైన్సుకు, లెక్కలకు కేంద్ర నిధులిచ్చింది, కాలేజీ పిల్లలకు రుణాలిచ్చింది. ఇవన్నీ లేకుండా టీచరమ్మ ప్రేమ ఒక్కటే ఎంతమందిని ఎంత దూరం తీసుకెళ్లేది?

ఇక ‘బయటపడటం’ సంగతి. సినిమా చూసినవాళ్లకు కోల్‌వుడ్ అంటే తప్పించుకుపోవాల్సిన చోటు. కుర్రాడు వెళ్లిపోయాడు, మనం చప్పట్లు కొట్టాం. ఊరేమైంది? కోల్‌వుడ్ ఉన్న మెక్‌డొవెల్ కౌంటీలో 1950లో దాదాపు 99 వేల జనం. యంత్రాలొచ్చాయి, పనులు పోయాయి. కోల్‌వుడ్ గని 1986లో మూతబడింది. ఫ్రీడా రైలీ పాఠాలు చెప్పిన బిగ్ క్రీక్ హైస్కూలు 2010లో మూతబడింది. 2020 జనగణన నాటికి కౌంటీలో మిగిలింది 19 వేల పైచిలుకు. ఇప్పుడక్కడ ఇంకో కుర్రాడికి రాకెట్ పిచ్చి పడితే నాజిల్ ఎవరు చేసిపెడతారు? ఒకడు బయటపడ్డాడని సంబరపడుతూ, వాణ్ని తయారుచేసిన వర్క్‌షాపు, బడి, సంఘం కూలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు మింగుడుపడదు.

మనకిది పరాయి కథ కాదు. కొత్తగూడెం, ఇల్లెందు, గోదావరిఖని, మందమర్రిలో బొగ్గు బాయి పని చేసిన తండ్రులు, ‘నువ్వు మాత్రం బాయిలో దిగొద్దు బిడ్డా’ అన్న తల్లులు వేలల్లో ఉన్నారు. మన తెరమీదా అదే మూస: 2023లో వచ్చిన ‘సార్’లో కూడా పల్లెటూరి కాలేజీని ఒక్క లెక్కల మాస్టారే గట్టెక్కిస్తాడు. ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్లు, ఓవర్‌మన్‌లు ఉన్న ఊళ్లో పిల్లలకు నేర్పగలిగిన చేతులు ఎన్నో ఉంటాయి. వాళ్లను బడి గడప తొక్కనివ్వకుండా, ఎక్కడినుంచో వచ్చే ‘మోటివేషనల్ స్పీకర్’ను పిలిచి శాలువా కప్పుతున్నాం.

రెండు గంటల సినిమాకు హీరో ఒక్కరే ఉండాలి కదా, ఊరందరినీ ఎలా ఇరికిస్తారని కొందరంటారు. చెప్పాగా, జాన్‌స్టన్ ఇరికించాడు. లోపం ఎక్కువగా మన చూపులోనే ఉంది. పిల్లలకు ఈ సినిమా తప్పకుండా చూపించండి. నాజిల్ బస్సెక్కే చోట ఆపి, మన ఊళ్లో లేత్ ఎవరి దగ్గరుందో అడగండి. ఆ టర్నరుగారిని వారానికో పూట బడికి పిలవండి, పోగొట్టుకున్న పూటకు కూలి కట్టివ్వండి. మీ బడిలో ఫిజిక్స్ పోస్టు ఖాళీగా ఉంటే, దాన్ని నింపమని అర్జీ పెట్టే పని కూడా సినిమా చూపించిన సాయంత్రమే మొదలుపెట్టండి.