అమ్మ దిద్దిన ప్రోగ్రాము

"మీ కంప్యూటరోళ్ళ ముచ్చట మాకెందుకే?" ఈ సంచికకు ప్రోగ్రాముల మీద వ్యాసం రాస్తానంటే తెలుగు ఎం.ఏ. చదివే మిత్రుడన్న మాట ఇది. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ప్రోగ్రామును ఉద్యోగానికి టిక్కెట్టుగా తప్ప మరోలా మేమెన్నడు చూపించాం గనుక! బట్టీ పట్టడం, పరీక్షలో అప్పజెప్పడం, హైదరాబాదు బస్సెక్కడం... ఇదే కదా మా కథ!

అయినా ప్రోగ్రాము కూడా ఒక కళేనని, దాన్ని చూసి ఆనందించడానికి ప్రోగ్రామర్లం కానక్కరలేదని నా అభిప్రాయం. నిర్మల్ కొయ్యబొమ్మను మెచ్చుకోవాలంటే పొనికి కర్ర చెక్కడం రావాలా? కరీంనగర్ వెండితీగ పని చూసి ముచ్చటపడేవాళ్ళంతా ఆ పని నేర్చినవాళ్ళేనా?

మొన్న సంక్రాంతి సెలవుల్లో కంప్యూటర్ తెరపై ముగ్గుచుక్కలు పెట్టే ప్రోగ్రాము రాశాను. వరుసకొక ఆజ్ఞ చొప్పున 15 వరుసలకు 15 ఆజ్ఞలు. ఏం రాశావని అమ్మ అడిగితే చదివి చెప్పాను.

"గింత రాసుడెందుకు బిడ్డా! నడుమ పదిహేను పెట్టు. అటిటు ఒక్కొక్కటి తగ్గించుకుంట ఎనిమిది దాకా పో, సందు చుక్క. అయిపాయె!" అన్నది.

బడి ముఖం సరిగా చూడని అమ్మ! ఆమె చెప్పినట్టు రాస్తే ప్రోగ్రాము నాలుగైదు వరుసలకు తగ్గింది. తెర మీద మాత్రం అవే 169 చుక్కలు! పెద్ద ముగ్గు కావాలంటే నా పాత ప్రోగ్రాము మొత్తం తిరగరాయాలి. అమ్మ పద్ధతిలో రెండు అంకెలు మారిస్తే చాలు. కొద్ది మాటల్లో ఎక్కువ చెప్పడం, రేపటి అవసరానికి చోటుంచడం. ప్రోగ్రాములో అందమంటే ఇదే.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదు. 1974లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వారితోపాటు కమలా కృతివాసన్ తమిళుల కోలం ముగ్గులకు కంప్యూటర్ శాస్త్రరీత్యా వ్యాకరణం రాశారు. అదే 1974లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న డొనాల్డ్ నూత్ తన ఉపన్యాసానికి ప్రోగ్రాము రచన కళేనన్న అర్థమొచ్చే పేరే పెట్టుకున్నాడు. అంతకు ఎంతో ముందు, 1804లో, ఫ్రాన్సులో జకార్డ్ రంధ్రాల అట్టలతో మగ్గాన్ని నడిపించాడు. రంధ్రముంటే పడుగు పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. ఉన్నది, లేదు అన్న ఆ రెండు మాటలతోనే నేటి కంప్యూటరూ నడుస్తున్నది. సాంచాల చప్పుడు వింటూ పెరిగిన సిరిసిల్ల మిత్రులకు ఇది వేరే చెప్పాలా?

"ముగ్గు కంటికి కనబడుతుంది, ప్రోగ్రాము అర్థమే కాదు కదా!" అంటారు. నిజమే. పోతన పద్యమైనా మొదటిసారే అర్థమయిందా? మాస్టారు ప్రతిపదార్థం, తాత్పర్యం చెబితేగా రుచి తెలిసింది! ప్రోగ్రాముకు తాత్పర్యం చెప్పే బాధ్యత మాది. ఆ పని మేం చేయలేదు.

ఇది కాలక్షేపం మాట కాదు. రేషన్ దుకాణంలో అవ్వ వేలిముద్ర చెల్లుతుందో లేదో తేల్చేది ప్రోగ్రామే. ఇప్పుడు ప్రోగ్రాములు రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. రాయడం యంత్రానికి వదిలినా బాగోగులు చూసే కన్ను మనదే కావాలి. ఆ కన్ను నలుగురు ఇంజనీర్లకే ఉంటే సరిపోతుందా? మెచ్చుకోవడం తెలిసినవాడికే తప్పు పట్టడమూ తెలుస్తుంది.

అందుకే నాదొక సూచన. వచ్చే వార్షికోత్సవ ప్రదర్శనలో ఒక గోడ మాకివ్వండి. ఒకే పని చేసే రెండు ప్రోగ్రాములు పక్కపక్కన అతికిస్తాం, కింద తెలుగులో తాత్పర్యం రాస్తాం. ఏది బాగుందో, ఎందుకు బాగుందో మీరు చెప్పండి. తప్పులుంటే దిద్దండి.

మా అమ్మను కూడా తీసుకొస్తాను. మొదటి తీర్పు ఆమెదే!