గృహనిర్వహణము: ఇంటిలో నీటి కారుదల

క్రిందటి నెలలో ధాన్యమునకు పురుగు పట్టకుండ నిలువచేయు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ తడవ నీటిని గూర్చి వ్రాయ సంకల్పించితిని. నీరు లేక పడెడి యిడుములు మనకు క్రొత్తవి గావు. బిందె పట్టుకొని వరుసలో నిలువని గృహిణి యరుదు. కాని యుండరాని చోట నుండు నీరు చేయు హానిని మనము వెంటనే గుర్తింపము. అది చప్పుడు చేయక గోడలో దూరి యింటిని తినివేయును.

ఈ విషయమున నా తప్పు నొకదానిని ముందుగా చెప్పుకొనుట న్యాయము. మేముండునది యద్దె యిల్లు, మేడమీది వాటా. మాకు దిగువ వాటాలో నొక వృద్ధురాలు ఒంటరిగా నున్నది. ఆమెను పిన్నిగారూ యని పిలుతును. రెండేండ్ల క్రితము కార్తికమాసమున నామె పైకి వచ్చి, "అమ్మాయీ, నా పడకగది కప్పు చెమ్మగిల్లుచున్నది. మీ స్నానపుగది నీరేమో చూడవమ్మా" యనినది. మా గది పొడిగానే యున్నదనియు, అది వానకాలపు చెమ్మ యయి యుండుననియు బదులు చెప్పితిని. ఆమె మఱి రెండుమాఱులు వచ్చినది. కడపటిసారి నా మాటలో విసుగు ధ్వనించినది కాబోలు, అటుపిమ్మట రాలేదు. మాఘమాసమున నేనే యేదో పనిమీద క్రిందికి పోయి చూతును గదా, ఆమె మంచమును వాకిలి చెంతకు లాగికొని, తలవైపు పాత గొడుగొకటి విప్పి కట్టుకొని పండుకొనుచున్నది. కప్పు పెచ్చులు రాలి లోపలి యినుపచువ్వలు తుప్పుతో కనబడుచున్నవి. నాకు నోట మాట రాలేదు.

ఆ సాయంకాలమే మావారు పరీక్ష యొకటి చేయించిరి. స్నానపుగది తూమున గుడ్డయుండ బిగించి, గడప దాటకుండునంత నీరు నిలిపి, పిల్లల పత్రములు దిద్దు ఎఱ్ఱసిరా సీసాను దానిలో నొలికించితిమి. ఒక దినమంతయు ఆ గది నెవ్వరును వాడలేదు. మఱునాటికి నీటిమట్టము అరంగుళము దిగినది. పిన్నిగారి కప్పున లేత గులాబిరంగు మరక లేచినది. ఇక వాదమున కేమున్నది? పలకల సందులలోని సిమెంటు ఊడిపోయినది, తూము చుట్టును బీట వాఱినది. పైకి పొడిగా నున్నంత మాత్రమున క్రిందికి నీరు పోవుట లేదనుకొనుట నా యవివేకము. ఇనుము తుప్పుపట్టినచో ఉబ్బును. ఆ యుబ్బే సిమెంటును పగులగొట్టి పెచ్చులూడ్చును. అందుచేత కప్పున చెమ్మమచ్చ కనబడినప్పుడే మూలము వెదకవలయును. పైన సున్నము పూసి కప్పిపుచ్చుట పుండుమీద పసుపు పట్టువస్త్రము కప్పుట వంటిది. పలకలు తీయించి, నీరు దిగని పూత పూయించి, తూమును మరల అమర్చుటకైన ఖర్చును ఇంటి యజమానియు మేమును చెఱిసగము పెట్టుకొంటిమి. మూడు నెలల ముందే విని యుండినచో అందు సగము కూడ కాకపోయెడిది.

ఇట్టి పరీక్షలు తక్కినచోటులకును గలవు. మరుగుదొడ్డి నీళ్లతొట్టిలో కొంచెము సిరాయైనను పసుపునీళ్లయినను కలిపి, పావుగంట సేపు నీళ్లు వదలక చూడుడు. క్రింది పళ్లెములోనికి రంగు దిగినచో లోపలి రబ్బరుమూత చెడినదన్నమాట. మేడమీది తొట్టికిని, నేలలోని సంపునకును రాత్రి పండుకొనుటకు ముందు కొళాయిలన్నియు కట్టి, నీటిమట్టమున సుద్దగీత గీయించి, తెల్లవాఱి చూచినచో దొంగ దొరకును. నీటిమీటరున్న యింట నది మఱియు సులువు. అన్నియు కట్టియుండగా ముల్లు తిరుగుచున్నచో ఎక్కడనో కారుచున్నట్లే.

కొళాయినుండి చుక్కచుక్కగా పడునది యేపాటి యని తేలికగా చూడకుడు. క్షణమున కొక చుక్క వంతున పడినను దినమునకు రమారమి 20 లీటరులగును, అనగా పెద్ద బిందెడు. తఱచుగా దీనికి కారణము అరిగిన వాషరు మాత్రమే. గేటు వాల్వు కట్టి, మఱ విప్పి, క్రొత్త వాషరు వేయుట మన యాడువారు నేర్వరాని విద్య గాదు. మఱలమీద తెల్లని టెఫ్లాన్ టేపును మఱ బిగియు దిక్కుననే చుట్టవలెను. ఎదురు దిక్కున చుట్టినచో బిగించునప్పుడు ముడుతపడి ఊడివచ్చును. ఇంటి గేటు వాల్వు ఎక్కడ నున్నదో ఇంటిలోని పెద్దపిల్లలకు కూడ తెలిసి యుండవలయును. గొట్టము పగిలిననాడు వెదకుటకు వ్యవధి యుండదు.

డాబా విషయమున మృగశిర కార్తె రాకముందే చేయవలసిన పని చేయింపవలయును. ఆకులును పక్షిగూళ్లును తూములలో నిండి యుండును. వాననీరు పోవు దారి లేక నిలిచి పగుళ్లలో దిగును. పిట్టగోడలో మొలచిన రావిమొక్కను పూజ్యమని విడువరాదు. పై కొమ్మ త్రుంచిన లాభము లేదు. వేరుతో తీయించి ఆ రంధ్రమును పూడ్పించుడు.

ఇంతవఱకు మెల్లగా వచ్చు నీటి సంగతి. ఒక్కసారిగా ముంచు నీరు వేఱు. 2020 అక్టోబరు నెలలో హైదరాబాదున కురిసిన వానకు పెక్కు మేడల సెల్లారులు చెఱువులైనవి. 2024 సెప్టెంబరు 1వ తేదీన విజయవాడలో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్ మొదలగు పేటలను ముంచినప్పుడు మా చెల్లెలు ఆ చెంతనే మేడమీద నుండినది. సెల్లారున నీరు మోకాలిబంటి యగుచుండగా మా మఱఁదిగారు స్కూటరును పైకి తెచ్చెదనని మెట్లు దిగబోయిరి. మీటరు బల్లలును నీటిమోటారును సెల్లారులోనే యున్నవి. కరెంటు ఇంకను పోలేదు. చెల్లెలు మెట్లకు అడ్డముగా కూర్చుండి, "నన్ను దాటి పొండి" యన్నదట. ఆయన కోపగించుకొని ఆ దినమంతయు మాటాడలేదట. స్కూటరు పోయినది. ఆ కోపమునకు నేను మ్రొక్కుచున్నాను.

సెల్లారున నీరున్నప్పుడు విద్యుత్తు నిలిపివేయబడినదని రూఢియగువఱకు కాలు పెట్టరాదు. మెయిన్ స్విచ్చి తడిసినను, దానిని చేరుటకు నీటిలో నిలువవలసి వచ్చినను మనము ముట్టరాదు, లైనుమనుష్యుని పిలువవలయును. నీరు తోడు ఆయిలు ఇంజనును సెల్లారులోపల పెట్టి నడపరాదు. దాని పొగలో వాసనలేని విషవాయు వుండును. వెలుపలి నేల యింకను నీటితో బరువెక్కి యుండగా లోపలి నీటి నంతయు ఒక్కపూటలో తోడినను గోడ లోనికి విఱుగవచ్చును. కొంచెము కొంచెముగా తోడించుడు.

నేలమట్టపు వాటాలవారికి మఱియొక యుపద్రవము గలదు. వీథిలోని మురుగుకాలువ నిండినప్పుడు ఆ మురుగు వెనుకకు తన్ని మన తూములనుండియే పైకి వచ్చును. వాన జోరుగా నున్నప్పుడు తూములమీద ఇసుకసంచి పెట్టిన కొంత యాగును. వెనుకకు రానీయని వాల్వును మేస్త్రీచేత పెట్టించుకొనుట శాశ్వతమైన యుపాయము. సంపు మూత నేలకన్న జానెడైనను ఎత్తుగా నుండవలెను. మా చెల్లెలి మేడలో నది నేలకు సమముగా నుండుటచే మురుగంతయు అందులోనికే దిగినది.

ముంపు తీసిన పిదప సంపునంతయు ఖాళీచేసి, రుద్ది కడిగించి, క్రొత్త నీరు నింపి 1000 లీటరులకు రెండున్నర గ్రాముల వంతున మంచి బ్లీచింగు పొడిని కలిపి గంటసేపు ఉంచిన తర్వాతనే వాడుకొనవలెను. త్రాగు నీటిని కొన్నాళ్లు కాచియే త్రాగుట మేలు. ఆ బురదలో ఎలుకల మూత్రము కలిసి యుండును. కాలికి పుండున్నవారు దిగరాదు. ఊడ్చునప్పుడు మూలలను కఱ్ఱతో తట్టి చూచుకొనుడు, పాములు చేరియుండును. మురుగు తగిలిన పిండి, పప్పు, పచ్చళ్లు ఎంత ప్రీతిగా పెట్టుకొన్నవైనను పాఱవేయవలసినదే. తడిసిన ఫ్రిజ్జు, మిక్సీ మొదలగువానిని పనివాడు చూచిన తర్వాత గాని ప్లగ్గున పెట్టకుడు.

గోడలు పైకి ఆరినట్లు కనబడినను లోపల ఆరుటకు నెలలు పట్టును. తొందరపడి రంగు వేయించినచో పొక్కి రాలును. పిన్నిగారి కప్పునకు మేము తుప్పు గీకించి, మరల గచ్చు చేయించి, రంగు మాత్రము వైశాఖమువఱకు ఆగి వేయించితిమి. అంతవఱకు ఆమె మా ముందుగదిలోనే పండుకొనినది.